పన్నెండు ఫిరంగులు, ఒక మగ్గం: ఇసుక బల్ల మీద పాత ఆట

ఈరోజు ఎపిసోడ్ ఒక పాత ఆట గురించి. ఫోన్‌లో ఆడేది కాదు. బల్ల మీద చిన్న చిన్న బొమ్మలు పెట్టి, పాచికలు వేసి, నోటితో మాట్లాడుతూ ఆడేది. పేరు వినే ఉంటారు, డంజన్స్ అండ్ డ్రాగన్స్. ఇప్పుడు షాపుల్లో దొరికే కొత్త రకం కాదు, 1974లో వచ్చిన మొట్టమొదటిది. దాన్ని మా చిల్లకూరులో ఎలా మొదలుపెట్టామో, మధ్యలో మా బావ నన్ను ఎక్కడ ఇరికించాడో చెప్తాను.

ముందు కొంచెం చరిత్ర. ఈ ఆటకి ముత్తాత ఎవరో తెలుసా? మన చదరంగమే. చతురంగం అంటే నాలుగు అంగాల సైన్యం: ఏనుగులు, గుర్రాలు, రథాలు, కాల్బలం. ఏడో శతాబ్దంలో బాణభట్టు హర్షచరిత్రలోనే దీని ప్రస్తావన ఉంది. అది పర్షియా మీదుగా యూరప్ చేరింది. 1780లో జర్మనీలోని బ్రన్స్‌విక్‌లో హెల్విగ్ అనే లెక్కల మాస్టారు ఆ పటాన్ని పెద్దది చేసి, గళ్ళకి రంగులేసి, ఇది కొండ, ఇది నీళ్ళు, ఇది ఊరు అన్నాడు. 1824లో ప్రష్యా సైన్యంలో రైస్విట్జ్ అనే ఆఫీసరు గళ్ళు లేకుండా అసలు మ్యాపే పరిచాడు. గెలుపోటములు తేల్చడానికి పాచికలు, పైన ఒక అంపైరు. ఏ జట్టుకి ఏం కనబడుతుందో అంతే చెప్తాడు, మిగతాది దాచిపెడతాడు. ఈ అంపైర్‌ని గుర్తుపెట్టుకోండి, మన కథలో ముఖ్యమైన మనిషి.

అక్కడినుంచి అమెరికా. 1971లో గ్యారీ గైగాక్స్, జెఫ్ పెరెన్ కలిసి చెయిన్‌మెయిల్ అనే చిన్న పుస్తకం తెచ్చారు. మధ్యయుగపు యుద్ధాలని బొమ్మలతో ఆడే రూల్స్ అవి. పెద్ద యుద్ధమైతే ఒక్కో బొమ్మ ఇరవై మంది సైనికులతో సమానం, బల్ల మీద ఒక అంగుళం అంటే పది గజాలు. గైగాక్స్ ఇంటి కింది గదిలో వీళ్ళు దేనిమీద ఆడేవాళ్ళో తెలుసా? ఇసుక పోసిన బల్ల మీద. ఇసుకని కుప్ప చేస్తే కొండ, వేలితో గీస్తే ఏరు.

ఇది చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. ఎందుకంటే మా చిల్లకూరు, కోట మండలాలు ఇసుకకే ఫేమస్. సిలికా ఇసుక. గాజు తయారీకి పోయేది, ఎండలో చూస్తే కళ్ళు మిరుమిట్లు గొలిపేంత తెల్లగా ఉంటుంది. ఆట సామాను కొనడానికి డబ్బుల్లేని మాకు, ఇసుక మాత్రం ఇంటిముందే ఉంది. పాత తలుపు రెక్క ఒకటి రెండు స్టూళ్ళ మీద పెట్టి, చుట్టూ బద్దలు కొట్టి, ఇసుక పోశాం. బల్ల రెడీ.

బొమ్మలు? బొమ్మల కొలువు పెట్టెలో విరిగినవి కొన్ని, చింతగింజలు, సీసా మూతలు. మామూలు పాచికలు ఉన్నాయి. ఇరవై ముఖాల పాచిక లేదు. దానికి బదులు ఇరవై చీటీలు రాసి డబ్బాలో వేసి తీశాం. ఇదేదో పల్లెటూరి ఐడియా అనుకోకండి. 1979లో పాచికలకి కరువొస్తే, ఆ కంపెనీ వాళ్ళే పెట్టెలో నంబర్ల చీటీలు పెట్టి అమ్మారు!

ఇక మనిషిని తయారుచేయడం. మూడు పాచికలు వేసి కూడాలి, అలా ఆరు సార్లు: బలం, తెలివి, వివేకం, ఓర్పు, ఒడుపు, ఆకర్షణ. మళ్ళీ మూడు వేసి పదితో హెచ్చిస్తే చేతిలో ఉన్న బంగారు నాణేలు. ఎదుటివాడికి కవచం లేకపోతే, కొత్త యోధుడు ఇరవైలో 10 లేదా పైన తెచ్చుకుంటే దెబ్బ తగిలినట్టు. ఒళ్ళంతా కవచం, చేతిలో డాలు ఉంటే 17 రావాలి. అంతే. ఇంత తెలిస్తే ఈ సాయంత్రమే మొదలుపెట్టొచ్చు.

మేం రాక్షసుల గుహ వద్దనుకున్నాం. మాకు దగ్గర్లోనే మంచి కథ ఉంది కదా. కోట, వాకాడు దాటి సముద్రం వైపు పోతే దుగరాజపట్నం. ఇంగ్లీషువాళ్ళు దాన్ని ఆర్మగాన్ అన్నారు. మచిలీపట్నంలో 1611 నుంచే వ్యాపారం చేస్తున్న ఈస్టిండియా కంపెనీ 1626లో ఇక్కడికొచ్చింది, తర్వాత కోట కట్టి పన్నెండు ఫిరంగులు పెట్టింది. అప్పటికి మద్రాసు కోట లేదు! కింద పులికాట్‌లో డచ్చివాళ్ళు. నా ప్లాన్ ఏందంటే, కొందరు కంపెనీ, కొందరు డచ్చి, కొందరు ఇక్కడి నాయకుడి బంట్లు. నేను అంపైర్‌ని.

ఆదివారం అందరూ వచ్చారు. ఒకడు శ్రీసిటీలో షిఫ్టు దిగి నేరుగా వచ్చాడు. అందరూ మనుషుల్ని తయారుచేసుకున్నారు. బావ వంతు వచ్చింది.

“ఏం తీసుకుంటావ్ బావా? యోధుడా, మంత్రగాడా, పూజారా?” అన్నాను. ఆ పాత పుస్తకంలో ఉన్నవి ఆ మూడే.

“నేతగాడు.”

“అది లేదు బావా. బంటుగా ఆడు.”

బావ చేతిలో సీసా మూత కింద పెట్టేశాడు. “అబ్బయ్యా, ఆ కోటవాళ్ళు ఇంతదూరం దేనికొచ్చారు? బట్ట కోసమే కదా? బట్ట నేసేవాడు లేకుండా ఇదేం ఆట?”

నా దగ్గర జవాబు లేదు. బావ వాళ్ళ నాన్న వెంకటగిరిలో మగ్గం మీద బతికిన మనిషి. గిట్టక మగ్గం అమ్మేసి ఇటొచ్చేశారు. ఆ సంగతి బల్ల చుట్టూ ఉన్న అందరికీ తెలుసు. ఎవరూ మాట్లాడలేదు.

ఆ రాత్రి కూర్చుని మళ్ళీ చదివాను. చెయిన్‌మెయిల్ కంటే ముందే, 1969లో డేవిడ్ వెస్లీ అనే అతను మిన్నెసోటాలో ఒక ఆట ఆడించాడు, పేరు బ్రౌన్‌స్టైన్. యుద్ధం రాబోతున్న ఊరు. సైన్యాధికారుల పాత్రలతో పాటు ఆ ఊరి మేయరు, యూనివర్సిటీ పెద్ద, ఇలాంటి పాత్రలు కూడా ఇచ్చాడు. ఆ గుంపులోంచే డేవ్ ఆర్నెసన్ వచ్చాడు, తర్వాత గైగాక్స్‌తో కలిసి డంజన్స్ అండ్ డ్రాగన్స్ చేశాడు. అంటే చూడండి, బొమ్మల యుద్ధం పాత్రల ఆటగా మారడానికి దారి తీసింది కత్తి పట్టనివాళ్ళకి కూడా బల్ల దగ్గర చోటివ్వడమే. బావ అడిగింది రూల్‌కి ఎదురు కాదు, ఆట పుట్టిన చోటే ఉంది. రూల్ లేనిచోట తేల్చడానికే అంపైరు ఉన్నాడు.

తర్వాతి ఆదివారం సారీ చెప్పి, మూత బావ చేతిలో పెట్టాను. బేరానికి పాత పుస్తకంలోదే ఒక పట్టిక వాడాం. ఎదురుపడ్డవాళ్ళు ఎలా ఉంటారో రెండు పాచికలు చెప్తాయి: 2 నుంచి 5 పడితే బెడిసినట్టు, 6 నుంచి 8 అయితే ఎటూ తేలనట్టు, 9 నుంచి 12 అయితే ఒప్పుకున్నట్టు. కంపెనీ ఆడేవాడు ధర తగ్గించాడు. పాచిక 4 పడింది. బావ మూత తీసుకుని దక్షిణానికి జరిగాడు. ఇంకోసారి 7. మళ్ళీ జరిగాడు. మూడు ఆదివారాలు ఆడాం. పన్నెండు ఫిరంగులు ఒక్కసారి కూడా పేలలేదు, కోటలో బట్ట మూటలు మాత్రం నిండలేదు.

అసలు చరిత్ర కూడా ఇంచుమించు ఇదే. దుగరాజపట్నంలో బట్టల వ్యాపారం అనుకున్నట్టు సాగలేదు. అక్కడ కంపెనీ పెద్దగా ఉన్న ఫ్రాన్సిస్ డే, మంచి బట్ట చవగ్గా దొరికే చోటు కోసం దక్షిణానికి పోయి, 1639లో దామెర్ల వెంకటాద్రి నాయకుడి దగ్గర మద్రాసు చోటు రాయించుకున్నాడు. 1640లో కంపెనీ ఇక్కడినుంచి లేచిపోయింది. ఆ పెద్ద నగరం పుట్టడం వెనక బట్ట ధర ఉంది. పటంలో కోట కనబడుతుంది, మగ్గం కనబడదు.

చివరి ఆదివారం బావ వాళ్ళ నాన్న వచ్చి చూశారు. మేం అగ్గిపుల్లలతో ఒక మగ్గం చేసి ఇసుక మీద పెట్టాం. ఆయన కళ్ళజోడు సర్దుకుని వంగి చూసి, “గుంట ఏదిరా? కాళ్ళెక్కడ పెట్టుకుంటాడు?” అన్నారు. మగ్గం పక్కకి తీసి, తెల్లటి ఇసుకలో వేలితో చిన్న గుంట తవ్వి, మళ్ళీ దానిమీద సరిగ్గా కూర్చోబెట్టారు. తర్వాత స్టూలు లాక్కుని, “ఇప్పుడు ఎవడి వంతు?” అని అడిగారు.

అదీ ఫ్రెండ్స్ సంగతి. పెద్ద సెట్టు కొనాల్సిన పనిలేదు. మూడు పాచికలు, ఇరవై చీటీలు, గుప్పెడు చింతగింజలు చాలు. మీ ఊరి కథ ఒకటి తీసుకోండి. ఎవరైనా రూల్స్‌లో లేని మనిషిని అడిగితే, వెంటనే లేదనకండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటాను.