శాలువా వెల

చేతితో అల్లిన లేసు శాలువాను మీరెక్కడనైన చూచియుందురు. దాని నిండ చిన్న చిన్న కన్నములు, ఆ కన్నములే ఆకులుగాను అలలుగాను కనబడుచుండును. దాని వెల అడిగి, చెప్పిన మాట విని, "దారమే గదా, ఇంత వెలయా?" అని మనలో చాలమంది అనుదురు. ఆ మాట నోట వచ్చుటకు ముందు, అట్టి శాలువాలకు పేరుపొందిన ఒక దేశపు స్త్రీల చరిత్రను తెలిసికొనుట మంచిది. అట్టిదానిని మన చేతులతోనే ఒకటి మొదలుపెట్టి చూచుట ఇంకను మంచిది. ఈ నెల ఆ రెండు పనులను కలిపి చేయుదము.

స్కాట్లండునకు ఉత్తరముగా, సముద్రమధ్యమున షెట్లాండు అను దీవుల సమూహము కలదు. అందు వందకు పైగా దీవులున్నను, మనుష్యులు కాపురముండునవి సుమారు 16 మాత్రమే. అక్కడి గాలికి చెట్లు ఏపుగా ఎదుగుట అరుదు. నేల పంటకు చాలనిది. గత శతాబ్దములలో అక్కడి మగవారు తెరచాపల పడవలమీద చేపల వేటకు పోవుచుండిరి. ఇల్లు, పొలము, పశువులు, పిల్లలు స్త్రీల వంతు. వంటచెరకుకు కట్టెలు లేవు గనుక, చిత్తడినేల నుండి కోసి ఎండబెట్టిన మట్టిగడ్డలను బుట్టలకెత్తి, వీపున మోసికొని రావలసియుండెను. అట్లు మోయుచు నడచునప్పుడును వారి చేతులు ఊరకుండలేదు. నడుమునకు ఒక తోలుపట్టీ కట్టుకొని, గుర్రపు వెండ్రుకలు కూరిన దాని మెత్తలో ఒక సూది కొనను గ్రుచ్చి నిలిపి, దారి పొడుగునను అల్లుచుండిరి.

అక్కడి గొఱ్ఱె చిన్నది, దాని ఉన్ని మిక్కిలి మెత్తనిది. మెడ దగ్గరి ఉన్ని అన్నిటికంటె మెత్తన. వేసవి మొదట ఆ ఉన్ని తనంతట వదులగును. అప్పుడు దానిని కత్తెర పెట్టక, చేతితోనే మెల్లగా లాగి తీయుదురు. పిదప దానిని దువ్వి, రాట్నము మీద వడికి, రెండు పోగులను పేనినయెడల లేసునకు తగిన దారము సిద్ధమగును. సూదికి కుట్టు ఎక్కకముందే ఇంత పని యున్నదని గమనించుడి.

ఆ దీవులవారు మేజోళ్లు, చేతితొడుగులు ఎంతో కాలమునుండి అల్లుచుండినను, లేసు శాలువాలు ప్రసిద్ధికెక్కినది 1830ల తరువాతనే. షెట్లాండులో 1792లో పుట్టిన ఆర్థర్ ఆండర్సన్ అను నతడు బాలుడుగా సముద్రతీరమున చేపలు ఎండబెట్టు పని చేసి, పిమ్మట పి. అండ్ ఓ. అను గొప్ప ఓడల కంపెనీని స్థాపించినవారిలో ఒకడాయెను. అతడు 1837లో తన దీవుల అల్లికలను విక్టోరియా రాణికి కానుకగా పంపెను. రాణి ధరించినదానిని రాజధాని కోరెను. 1851లో లండనునందు జరిగిన మహా ప్రదర్శనమున షెట్లాండు లేసును లోకమంతయు చూచెను.

ఆ శాలువాలలో రెండు రకములు కలవు. ఒకటి అతి సన్నని లేసుతో చేసినది. నిలువును అడ్డమును ఆరేసి అడుగులున్నను, అది పెండ్లి ఉంగరములో దూరి ఆవలికి వచ్చును. అందుచేత దానికి ఉంగరపు శాలువా అని పేరు వచ్చెను. ఇది ధనవంతుల కొరకైనది. రెండవదానిని 'హ్యాప్' అందురు. ఆ దీవుల మాటలో దానికి 'కప్పుట' అని అర్థము. ఇది బీద ఇంటి శాలువా. తల్లి తాను కప్పుకొనునది, పసిబిడ్డకు చుట్టునది, పొలమునకు పోవునప్పుడు రొమ్ముమీదుగా కట్టుకొనునది ఇదే. క్రొత్తగా నేర్చుకొనువారికి తగినదియు ఇదే.

ఇప్పుడు మీరు రెండు సూదులు, ఒక ఉన్ని దారపు ఉండ చేతపట్టుకొని కూర్చుండినట్లు తలంచుడి. హ్యాప్ నడిమి భాగము చదరము. దానిని ఒక మూలనుండి ఆరంభింపవచ్చును. సూదిమీద ఒకే కుట్టుతో మొదలుపెట్టుడి. ప్రతి వరుస ఆరంభమునను దారమును సూదికి ఒకసారి చుట్టి, తక్కిన కుట్లను మామూలుగా అల్లుకొని పోవుడి. ఆ చుట్టు ఒక క్రొత్త కుట్టగును గనుక వరుసకు ఒక్కొక్కటి చొప్పున పెరుగును. కావలసినంత వెడల్పు వచ్చిన పిమ్మట, వరుసకు ఒక్కొక్కటి చొప్పున తగ్గించుకొని వచ్చినయెడల, చివరకు మరల ఒకే కుట్టు మిగులును. చదరము పూర్తియగును. ఇందులో తిరగల కుట్టు లేదు, కష్టమైన లెక్కయు లేదు. షెట్లాండులో చిన్న పిల్లలు తల్లి ప్రక్కను కూర్చుండి ఇట్టి సులువైన అల్లికతోనే చేయి త్రిప్పుట నేర్చుకొనుచుండిరి.

చదరము చుట్టును అలల అంచు వచ్చును. లేసు రహస్యమంతయు ఇక్కడ నున్నది. దారమును సూదికి చుట్టినయెడల ఒక కన్నము పుట్టును, ఒక కుట్టు పెరుగును. రెండు కుట్లను కలిపి ఒకటిగా అల్లినయెడల ఒక కుట్టు తగ్గును. ఎన్ని పెంచితిమో అన్ని తగ్గింపవలెను. షెట్లాండు వారి పాత అలల నమూనాలో 18 కుట్లు ఒక జట్టు. మొదట రెండేసి కుట్లను కలిపి మూడుసార్లు అల్లుదురు. తరువాత ఆరు కుట్లను, ఒక్కొక్కదానికి ముందు దారమును ఒకసారి చుట్టుచు, అల్లుదురు. కడపట మరల రెండేసి కలిపి మూడుసార్లు అల్లుదురు. ఆరు తగ్గినవి, ఆరు పెరిగినవి, జట్టు 18గానే నిలిచినది. ఇట్టి వరుస నాలుగింటికి ఒకటి మాత్రమే, తక్కిన మూడును సాదా వరుసలు. అయినను కుట్లు ఒకచోట దగ్గరపడి మరియొకచోట విడిపోవుటచేత, అల్లిక తనంతట వంగి, ఒడ్డునకు వచ్చు అలవలె కనబడును. అక్కడి గొఱ్ఱెలకు సహజముగా నున్న తెలుపు, బూడిద, గోధుమ వన్నెల ఉన్నినే మార్చి మార్చి అల్లినయెడల, అద్దకము లేకయే అలలకు రంగులు వచ్చును. అన్నిటికి వెలుపల సన్నని పండ్లవంటి చివరి అంచు అల్లి ముగించుదురు.

క్రొత్తవారు తప్పులు చేయక మానరు. ఒక చుట్టు మరచినయెడల ఆ వరుసలో జట్టు 17 అగును, పై వరుసలన్నియు ప్రక్కకు జరుగును. అందుచేత తెలిసినవారు చెప్పు ఉపాయము వినుడి. ప్రతి జట్టు వరుసల చివరను కుట్లు లెక్కపెట్టుడి. లెక్క సరియైనప్పుడు వేరు రంగు నూలుదారమును సన్నని సూదితో ఆ వరుస కుట్లన్నిటిలో దూర్చి యుంచుడి. పైన ఎంత తప్పు పోయినను, విప్పుకొనుచు వచ్చినప్పుడు అల్లిక ఆ దారము దగ్గర ఆగును. మరియు కడపటి వరుసను బిగించి ముగింపకుడి, వదులుగా ముగింపుడి. బిగించినయెడల శాలువా చాపుటకు లొంగదు.

అల్లిక ముగిసిన దినమున మీకు నిరాశ కలుగవచ్చును. అది ముడుతలుపడి, ముద్దగా, వాడిన తోటకూర ఆకువలె నుండును. దానిని గోరువెచ్చని నీటిలో తడిపి, పిండక, గుడ్డలో చుట్టి ఒత్తి, నీరు పోయిన పిమ్మట నలుప్రక్కల లాగి కట్టి ఆరనియ్యవలెను. షెట్లాండులో దీనికొరకు కఱ్ఱచట్రములు చేసి, చివరి అంచు పండ్లనన్నిటిని దారముతో చట్రమునకు కట్టుదురు. ఆరిన తరువాత విప్పినయెడల, కన్నములన్నియు తెరచుకొని, అలలు అలలుగా నిలుచును.

ఇక లెక్క చూచుకొందము. నడిమి చదరమును వరుసకు ఒక్కొక్కటి చొప్పున 140 కుట్ల వరకు పెంచి, మరల అట్లే తగ్గించితిరనుకొనుడి. అన్ని వరుసలను కూడినయెడల 19,600 కుట్లగును. క్రొత్తవారు నిమిషమునకు 20 కుట్లు అల్లగలిగినను, 16 గంటలకు పైగా పట్టును. అది నడిమి భాగము మాత్రమే. అలల అంచు, చివరి అంచు, తడుపుట, ఆరవేయుట, దానికి ముందు ఉన్ని తీయుట, దువ్వుట, వడుకుట ఇందులో చేరలేదు. విప్పి మరల అల్లినదియు చేరలేదు.

ఇంత పనికి ఆ దీవుల స్త్రీలకు ఏమి ముట్టెనని అడుగుదురా? చాల కాలము రొక్కము ముట్టలేదు. శాలువాను వర్తకుని యొద్దకు తీసికొనిపోయినయెడల, అతడు దానికి వెల కట్టి, ఆ వెలకు టీ ఆకు, గుడ్డ మొదలగు తన కొట్టు సరకునే ఇచ్చుచుండెను. సరకు అప్పుడు అక్కరలేదన్నచో ఒక చీటీ వ్రాసి ఇచ్చుచుండెను. ఇంటిలో పిండి లేదు, అద్దె చెల్లింపవలెను. టీ ఆకుతో అద్దె చెల్లునా? కొందరు స్త్రీలు ఆ టీ ఆకునే ఇరుగుపొరుగు రైతుల యిండ్లకు తీసికొనిపోయి, పిండికిని బంగాళాదుంపలకును మార్చుకొనవలసివచ్చెను.

1872లో ప్రభుత్వము ఈ సంగతిని విచారించుటకు విలియం గత్రీ అను నధికారిని పంపెను. అతడు లెర్విక్ పట్టణమునందును ఇతర స్థలములందును కూర్చుండి, అల్లిక చేయు స్త్రీలను పిలిచి, ఒక్కొక్కరి నోట విని, సాక్ష్యమును వ్రాయించెను. వర్తకులు తమ పక్షమున ఒక మాట చెప్పిరి. రొక్కమే ఇయ్యవలసినయెడల శాలువా వెలను తగ్గింపవలసివచ్చుననిరి. అనగా ఆ పెద్ద వెల సరకు లాభములో దాగియున్నదని వారే ఒప్పుకొన్నట్లాయెను. బీద స్త్రీలు ప్రభుత్వపు విచారణలో పలికిన ఆ మాటలు అచ్చుపడి నేటికిని నిలిచియున్నవి.

ఆ అల్లిక వారికి వేడుక కాదని 1881లో జరిగిన దుఃఖకరమైన సంగతి తెలుపును. ఆ సంవత్సరము జూలై నెలలో, యెల్ అను దీవియందలి గ్లూప్ అను స్థలమునుండి వేటకు పోయిన పడవలు తుపానులో చిక్కుకొనెను. 10 పడవలు, 58 మంది మగవారు ఆ సముద్రములో పోయిరి. ఆ యిండ్లలో భార్యలును పిల్లలును మిగిలిరి. సముద్రము మగవానిని తీసికొనిపోయిన యింటిలో సూదులే ఆధారమగుట ఆ దీవులలో క్రొత్త కాదు. 1887లో పాత చట్టమును సవరించి, కూలికి బదులు సరకు ఇయ్యరాదను నియమమును ఇండ్లలో ఉన్ని అల్లిక చేసి అమ్మువారికిని వర్తింపజేసిరి. చట్టము వచ్చిన మరునాడే అలవాటు మారలేదు. సరకు ఇచ్చు పద్ధతి ఇంకను కొంతకాలము సాగెను. అయినను అడుగుటకు ఒక హక్కు కలిగెను.

ఇది దూరదేశపు కథ అని పుటను త్రిప్పివేయకుడి. మన పశ్చిమ గోదావరి జిల్లాలో నరసాపురము ప్రాంతపు స్త్రీలు లేసు అల్లుదురని మీరెరుగుదురు. అది ఉన్ని కాదు, నూలుదారము. రెండు సూదులు కాదు, కొక్కెము గల ఒకే సూది. అయినను దారముతో కన్నమును, కన్నముతో అందమును చేయు విద్య ఒకటే. దానిని 19వ శతాబ్దమున మన ప్రాంతమునకు తెచ్చి, స్త్రీలకు జీవనాధారముగా నేర్పినవారు క్రైస్తవ మిషనరీలు. నేర్పినవారి ఉద్దేశము మంచిదే. కాని కాలక్రమమున ఆ వ్యాపారము పెరిగి లేసు పరదేశములకు పోయినను, అల్లిన చేతికి దక్కినది స్వల్పము. మరియా మీస్ అను జర్మను పండితురాలు నరసాపురపు లేసు స్త్రీలనుగూర్చి పరిశోధించి, 1982లో ఒక గ్రంథము ప్రకటించెను. స్త్రీలు ఇంటిపని ముగించుకొని దినమునకు గంటల తరబడి లేసు అల్లుచుండినను, ఇంటివారును వర్తకులును దానిని తీరిక పని అని పిలుచుటచేతనే కూలి అంత తక్కువగా నిలిచినదని ఆమె చూపెను. 2024లో నరసాపురపు లేసునకు భౌగోళిక గుర్తింపు లభించెను. ఊరి పేరునకు గౌరవము వచ్చినది. చేతులకును గౌరవము రావలసియున్నది.

కాబట్టి, ప్రియ చదువరులారా, 'తీరిక పని' అను మాటను జాగ్రత్తగా వాడుదము. షెట్లాండులో బుట్ట మోయుచు అల్లిన స్త్రీకి తీరిక లేదు. మన ఊరిలో అన్నము వార్చి, గిన్నెలు కడిగి, బిడ్డను నిద్రపుచ్చి, అరుగుమీద కూర్చుండి లేసు పట్టుకొన్న తల్లికిని తీరిక లేదు.

రాబోవు చలికాలమున, సాధ్యమైనయెడల, సూదులు తెచ్చుకొని ఒక చిన్న చదరమునైన మొదలుపెట్టుడి. శాలువా కానక్కరలేదు, పసిబిడ్డకు కప్పునంత చాలును. తప్పు పోవును, విప్పుదురు, మరల అల్లుదురు. మెడ నొచ్చును, కన్ను అలయును. అది ఆరిన దినమున మీ యింటి బిడ్డకు కప్పి చూడుడి. ఆ తరువాత ఎవరైన ఒక స్త్రీ తాను అల్లినదానిని మీ గుమ్మమునకు తెచ్చి వెల చెప్పినప్పుడు, బేరమాడుటకు నోరు తెరువకముందు, మీ వ్రేళ్లు మీకు ఒక మాట చెప్పును. ఆ మాటను విని, చెప్పిన వెలను రొక్కముగా ఆమె చేతిలో పెట్టుడి.