పూసలోని రంధ్రం చెప్పే చరిత్ర

తార్నాకకు ప్రక్కనే లాలాగూడ రైల్వే కర్మాగారం ఉన్నది. నిజాం కాలపు రైల్వేవారు దానిని 1893లో స్థాపించారు. ఇచ్చటి పిల్లలకు రైలుబండి అంటే సహజంగానే మోజు. మా కళాశాల ప్రదర్శనకని ఇద్దరు విద్యార్థులు ఇత్తడి రేకుతో రైలింజను నమూనా చేయబూనారు. అసలు ఇంజనులో 87వ వంతు పరిమాణం. అసలు దానిపై చేతికడ్డీ లావు 32 మిల్లీమీటర్లనుకొంటే, నమూనాలో అది 0.37 మిల్లీమీటరు తీగ మాత్రమే. ఆ తీగ దూర్చడానికి బెజ్జాలు చేయబోయి ఒక్క సాయంకాలంలో నాలుగు బరమా ముళ్లు విరుగగొట్టారు.

కారణం లెక్కలోనే ఉన్నది. ముల్లు వ్యాసం సగమైతే, మెలిపెట్టే బలాన్ని ఓర్చుకొనే శక్తి ఎనిమిదవ వంతుకు పడిపోతుంది. 10 మిల్లీమీటర్ల ముల్లుతో పోల్చితే అర మిల్లీమీటరు ముల్లుకు ఆ శక్తి 8,000వ వంతే. పైగా దాని అంచు అంతే వేగంతో కోయాలంటే 20 రెట్లు చుట్లు తిరగాలి. వేగంగా త్రిప్పుతూ, తేలికగా నొక్కాలి. మావాళ్లు సరిగా దీనికి వ్యతిరేకం చేశారు!

మెలిగాడులు గల ఉక్కు ముల్లుకు అమెరికాలో మోర్స్ పేటెంటు పొందినది 1863లో. మరి అంతకు పూర్వం? బెలూచిస్థానంలోని మెహర్‌గఢ్‌లో 7,500 ఏండ్లకు పైబడిన సమాధులలో, బ్రతికి ఉండగానే చెకుముకిరాతి మొనతో తొలిచిన దంతాలు 11 దొరికాయి. సింధు నాగరికతవారు ఎర్రని కార్నీలియన్ రాతితో సన్నని పొడుగాటి పూసలు చేసేవారు. ఆ రాయి ఉక్కుకు సులభంగా లొంగదు. అంతకంటె గట్టి రాతిని ముల్లుగా చెక్కి, విల్లుతో త్రిప్పి తొలిచారు. ఆ పద్ధతినే నేడు పరీక్షించి చూడగా గంటకు సుమారు రెండున్నర మిల్లీమీటర్లు దిగింది. అనగా 6 సెంటీమీటర్ల పూసకు 24 గంటల పని. చివరి గంటలో పగిలితే ఆ పనివాని గతి ఏమిటో!

తరువాత వజ్రం వచ్చింది. గుజరాతులోని ఖంబాతులో ఇనుపకడ్డీ మొనకు రెండు వజ్రపు తునకలు పొదిగి, నీటి చుక్కలు వేస్తూ, విల్లుతో పూసలు తొలిచే పద్ధతి మన కాలం దాకా నిలిచింది. పూసను ఒకవైపునుండి సగం, రెండవవైపునుండి సగం తొలుస్తారు.

మన సంగారెడ్డి జిల్లా కొండాపూరులో (మాదాపూరు ప్రక్కది కాదు) 1940 దశకపు ఆరంభంలో జరిగిన త్రవ్వకాలలో శాతవాహనకాలపు రాతిపూసలు అనేకం బయటపడ్డాయి. చూచేవారు వాటి రంగును మెచ్చుకొంటారు. పరిశోధకునికి రంధ్రమే ముఖ్యం. మెత్తని సిలికోన్ ద్రవ్యాన్ని రంధ్రంలో నింపి, గట్టిపడిన తరువాత లాగితే, లోపలి గోడ అచ్చు బయటికి వస్తుంది. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో దానిని చూచినప్పుడు, వజ్రపు మొన గీసిన గీతలు స్పష్టమైన వలయాలుగా కనిపిస్తాయి. ఇసుకవంటి పొడితో అరగదీసినదైతే ఆ తీరు వేరు. పుదుచ్చేరి దగ్గరి అరికమేడు పూసలలో వజ్రపు ముల్లు జాడను గుర్తించినది ఈ విధంగానే.