పూటకూటి యింటి పంక్తి

ఇల్లు విడిచి బయలుదేరిన వానికి అన్నమెవరు పెట్టవలెను? పారిస్ నగరమున పేటపేటకు ‘బిస్త్రో’ అను చిన్న భోజనశాల కలదు. ఇరుగుపొరుగువారు అచ్చట తక్కువ వెలకు భుజింతురు. ‘రెస్టారెంటు’ అను మాట మొదట భోజనశాలకు పేరు కాదు. నీరసించిన దేహమునకు సత్తువనిచ్చు మాంసరసమునకు పేరు. 18వ శతాబ్దమున ఆ రసము నమ్మిన అంగళ్ళకే క్రమముగా ఆ పేరు స్థిరపడినది.

మన పూటకూటి యిల్లు అంతకంటె పాతది. వినుకొండ వల్లభరాయని కృతిగా ప్రసిద్ధమైన ‘క్రీడాభిరామము’ ఓరుగంటిలో అట్టి యింటిని చూపుచున్నది. కప్పురభోగి బియ్యపుటన్నము, గోధుమపిండివంట, పెసరపప్పు, అప్పుడు కాచిన నేయి, నాలుగైదు నంజుళ్ళు, గడ్డపెరుగు. వీనికెల్ల వెల ఒక రూక. రూక చెల్లించినవాడు అతిథి కాడు, యాచకుడును కాడు. ఎవరికిని ఋణపడక, కడుపునిండ తిని లేచిపోగలడు. అన్నమమ్ముట పాపమని నిందించినవారు ఈ గౌరవమును గమనింపలేదు.

దాని విలువ అనంతపురము సీమకు బాగుగా తెలియును. నైరృతి మేఘములను పడమటి కనుమలు అడ్డగించును; ఈశాన్య ఋతుపవనము తూర్పు తీరమునుండి ఇంత దూరము వచ్చుసరికి బలహీనపడును. ఈ పీఠభూమికి సాలున దక్కు వాన సుమారు 55 సెంటీమీటర్లు. ఇచ్చట కూడనగా రాగిసంగటి, జొన్నరొట్టె. అవియును కరవైన ఏండ్లు కలవు. 1876–78 నాటి ధాత కరవు ఈ ప్రాంతము బళ్ళారి జిల్లాలో నుండగా వచ్చినది. 1952లో రాయలసీమయందు గంజికేంద్రములు వెలసెను. గంజి ప్రాణములు నిలిపినది. కాని పదిమందికి అన్నము పెట్టిన రైతు ముంత చేతబట్టి వరుసలో నిలువవలసివచ్చెను.

చేత రూక యున్నను పీట దొరకనివారు మరికొందరు. 20వ శతాబ్దపు పూర్వార్ధమున మద్రాసు రాజధానిలోని పెక్కు హోటళ్ళలో బ్రాహ్మణులకు వేరు పంక్తి యుండెను. అస్పృశ్యులనబడినవారికి గడప దాటుటయే దుర్లభము. 1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగము తన 15వ అధికరణమున భోజనశాలలను పేరెత్తి చెప్పి ఆ అడ్డంకిని తొలగించినది. 1955 నాటి చట్టము అట్టి నిరాకరణను శిక్షార్హమైన నేరముగ చేసినది. అయినను పల్లెల టీకొట్లలో రెండు గ్లాసుల పద్ధతి ఆ తరువాతను చాలకాలము సాగినది.

కావున శ్రోతలారా, బస్సు దిగి హోటలులో సంగటిముద్ద ముందర కూర్చున్నప్పుడు, పేరైన తెలియని ప్రక్కవానికి మనము నీళ్ళు అందించుట చిన్న సంగతి కాదు. ఓరుగంటి రూకకు భోజనము దొరికినది. అందరికిని ఒకే పంక్తి దొరకుటకు అంతకంటె చాల ఎక్కువ వెల చెల్లింపవలసివచ్చినది.