నీటిని శుభ్రం చేసిన పనిముట్లు - హక్కులు, బాధ్యతలు

కిందటి సర్వసభ్య సమావేశంలో మన సభ్యుల్లో పెద్దవారొకరు లేచి, "నీళ్ళ మిషను కొనేటప్పుడు అందరం చందాలు వేసుకున్నాం. కొనేశాం. మళ్ళీ ఏడాది తిరక్కుండానే ఫిల్టర్లకనీ, మెంబ్రేనుకనీ ఈ డబ్బు దేనికి భాయ్?" అని అడిగారు. లెక్కల పుస్తకం తెరిచి జవాబు చెప్పాము గాని, ఆ జవాబు ఆయనకూ తృప్తినివ్వలేదు, మాకూ ఇవ్వలేదు. ఆ మిషను లోపల ఏముంది, అది మనదాకా ఎట్లా వచ్చింది, దానిపై ఎవరికి ఏ హక్కు వుండేది అన్న సంగతి తెలిస్తేగాని ఆ ప్రశ్నకు సరైన సమాధానం దొరకదు. అందుకే ఈ ఏటి సావనీరులో ఆ చరిత్రను క్లుప్తంగా సభ్యుల ముందు పెడుతున్నాము.

ముందుగా ఇంటి సంగతే చెప్పుకుందాము. మన దాదీమాలు, నానీమాలు నీళ్ళను పలుచని బట్టలో వడగట్టేవారు. వాన పడి మట్టి కలిసిన నీళ్ళలో ఇందుప గింజ అరగదీసి కలిపితే, కాసేపటికి మట్టి అడుగుకు దిగి పైన తేటనీరు నిలిచేది. జబ్బుల కాలంలో కాచి చల్లార్చి తాగించేవారు. కుండ మీద కుండ పేర్చి, ఇసుక, బొగ్గు వేసి వడపోసే ఇళ్ళు కూడా వుండేవి. ఈ పద్ధతుల్లో ఏ ఒక్కదానికీ హక్కుదారు పేరు లేదు. తల్లి కూతురికి చెప్పింది, అత్త కోడలికి చెప్పింది. అంతే.

కనిపెట్టినవాడికి హక్కు వుండాలనే ఆలోచన తరువాత వచ్చింది. ఇటలీలోని వెనిస్ నగరం 1474లో ఒక శాసనం చేసి, కొత్త పనిముట్టు తయారు చేసిన వాడికి 10 ఏళ్ళపాటు దానిపై హక్కు యిచ్చింది. మన దేశంలో అలాంటి చట్టం మొదటిసారి 1856లో వచ్చింది. ఆ ఏడాదే కలకత్తాలో వుండే జార్జి ఆల్‌ఫ్రెడ్ డిపెన్నింగ్ అనే ఇంజనీరు దరఖాస్తు పెట్టుకున్నాడు. దేనికనుకున్నారు? పంకా లాగే యంత్రానికి! కరెంటు లేని ఆ రోజుల్లో కచేరీల్లో, దొరల బంగళాల్లో ఒక మనిషి గంటల తరబడి కూర్చుని తాడు లాగుతుంటే పైన పంకా వూగేది. ఆ పని యంత్రంతో చేయించాలని ఆయన సంకల్పం.

ఇక్కడ పేటెంటు అంటే ఏమిటో ఒక్క మాటలో చెప్పుకోవాలి. అది ప్రభుత్వానికీ, కనిపెట్టినవాడికీ మధ్య ఒక ఒప్పందం. "నీ రహస్యం మొత్తం కాగితం మీద విప్పి చెప్పు. కొన్నేళ్ళు నీ అనుమతి లేకుండా దాన్ని ఎవరూ చేయకుండా చూస్తాము. గడువు తీరాక అది అందరిదీ." 1856 చట్టంలో ఆ గడువు 14 ఏళ్ళు. 1970 చట్టానికి 2002లో చేసిన సవరణ తరువాత మన దేశంలో అది 20 ఏళ్ళు. అంటే ఎంత గొప్ప పేటెంటు అయినా ఒకనాటికి తీరిపోయేదే.

అయితే చట్టం లేనప్పుడు విద్యను విప్పి చెప్పినవారు లేకపోలేదు. సుమారు 850 ప్రాంతంలో బాగ్దాదు నగరంలో బనూ మూసా అని పేరుపొందిన ముగ్గురు అన్నదమ్ములు, ముహమ్మద్, అహ్మద్, హసన్, నూరు దాకా పనిముట్లను వర్ణిస్తూ ఒక గ్రంథం రాశారు. అందులో వినోదం కోసం చేసినవే ఎక్కువ. కాని చెడుగాలి నిండిన బావిలోకి దిగేవాడు ఊపిరి తీసుకోవడానికి ఒక సాధనం, నీటి అడుగున వున్న వస్తువులను రెండు దవడలతో పట్టి పైకి తెచ్చే ఒక సాధనం కూడా వున్నాయి. పూడిక తీయడానికి బావిలో దిగి ఊపిరాడక మనుషులు పోయారన్న వార్త మన జిల్లాల్లో ఇప్పటికీ వింటూనే వున్నాము. పదకొండు వందల ఏళ్ళ కిందటే ఆ మనిషి ప్రాణం గురించి ఆలోచించినవారు వున్నారని తెలిస్తే సిగ్గుపడవలసింది మనమే.

తరువాత 1206లో, దియార్‌బకర్ రాజాస్థానంలో పనిచేసిన అల్ జజరీ తన గ్రంథం పూర్తి చేశాడు. నీటిని పైకి తోడే యంత్రాలను, అందులో రెండు సిలిండర్ల పంపును కూడా, బొమ్మలతో, కొలతలతో సహా రాసిపెట్టాడు. చదివిన పనివాడు తిరిగి చేసుకోగలగాలన్నదే ఆయన పద్ధతి. ఆయనకు పేటెంటు లేదు, ఆయన దాచుకున్నదీ లేదు.

ఇక మన కాలానికి దగ్గరగా వద్దాము. అమెరికాలో జాన్ లీల్ అని ఒక డాక్టరు వుండేవాడు. ఆయన తండ్రి కూడా డాక్టరే. అక్కడి అంతర్యుద్ధంలో సైన్యంతో వెళ్ళి, పాడు నీళ్ళ వల్ల జిగట విరేచనాలు పట్టుకుని, ఏళ్ళ తరబడి బాధపడి చనిపోయాడు. కొడుకు దాన్ని మరిచిపోలేదు. జెర్సీ సిటీ అనే పట్టణానికి నీరిచ్చే కంపెనీలో సలహాదారుగా వుంటూ, 1908 సెప్టెంబరు 26 నుంచి ఆ నీళ్ళలో చాలా కొద్ది మోతాదులో క్లోరిన్ మందు కలిపించడం మొదలుపెట్టాడు. ఆ పట్టణంలో అప్పుడు సుమారు రెండు లక్షల మంది వుండేవారు. క్లోరిన్ అంటే విషమని జనం హడలిపోయే రోజులవి. ముందుగా ఎవరినీ అడగనూ లేదు. వ్యవహారం కోర్టుకెక్కింది. చివరకు ఆయన చేసిన పని సరైనదేనని తేలింది.

ఆ పద్ధతి మీద లీల్ పేటెంటు తీసుకోలేదు. రుసుము కట్టనక్కరలేదు గనుక ఊరూరా దాన్ని తొందరగా అందుకున్నారు. మన పంచాయతీ మనిషి వర్షాకాలంలో బావిలో చల్లే బ్లీచింగ్ పౌడరు ఆ కుటుంబానిదే. ఈత కొలనుల్లో వేసేదీ అదే క్లోరిన్.

ఈత కొలను మాట వచ్చింది గనుక ఇంకొక పనిముట్టు గురించి చెప్పాలి. మందు వేసినంత మాత్రాన కొలను బాగుపడదు. అడుగున మట్టి, ఆకులు, పాచి వుంటే క్లోరిన్ వాటితోనే ఖర్చయిపోతుంది, క్రిములకు మిగలదు. అందువల్ల ముందు కడగాలి, తరువాత మందు వేయాలి. కొలను అడుగు కడగాలంటే పొడుగాటి కర్రకు బ్రష్షు కట్టి మనిషే తోమాలి. బెల్జియన్ కాంగో నుంచి 1951లో దక్షిణాఫ్రికా వచ్చిన ఫెర్డినాండ్ షోవియే అనే ఇంజనీరు ఈ బాధ తప్పించాలని పట్టుబట్టి, 1974 నాటికి ఒక యంత్రం తయారు చేశాడు. దాని పేరు క్రీపీ క్రాలీ. దానికి వేరే మోటారు లేదు. కొలనులోని ఫిల్టరు పంపు నీటిని పీల్చుతుంటే, యంత్రంలోని ఒక మూత పడుతూ లేస్తూ నీటి ధారకు కుదుపునిస్తుంది. ఆ కుదుపుతోనే అది అడుగంతా పాకుతూ మురికిని పీల్చుకుంటుంది. మన మసీదుల్లో హౌజు కడిగేవారు ఇప్పటికీ చీపురు, బకెట్లతోనే కుస్తీ పడుతున్నారు. యంత్రం లేకపోయినా సూత్రం మాత్రం అదే: అడుగు కడగకుండా పైన మందు చల్లితే లాభం లేదు.

ఇప్పుడు మన మిషను సంగతి. మన నీళ్ళలో మట్టి కంటే పెద్ద శత్రువు ఫ్లోరైడు. అది కంటికి కనబడదు, రుచికి తెలియదు, కాచితే పోదు సరికదా నీరు ఇగిరిన కొద్దీ చిక్కబడుతుంది. లీటరు నీటిలో అది ఒకటిన్నర మిల్లీగ్రాములకు మించకూడదని నిర్ణయం. మించిన నీళ్ళు ఏళ్ళ తరబడి తాగితే పళ్ళు గారపడతాయి, ఎముకలు వంగిపోతాయి. మన దేశంలో ఈ జబ్బును మొదట గుర్తించింది ఆనాటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లాలోనే, 1937లో. నల్లగొండ బాధ అందరికీ తెలిసిందే. నాగపూరులోని నీరీ సంస్థ శాస్త్రజ్ఞులు పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరులతో ఫ్లోరైడు తగ్గించే ఒక పద్ధతి రూపొందించారు. దానికి "నల్లగొండ పద్ధతి" అనే పేరు నిలిచి, ఇతర దేశాలకు కూడా పోయింది. ఇంట్లో బకెట్లో చేసుకోవడానికి వీలైన పద్ధతే అది. కాని పటిక ఎంత వేయాలన్నది ఆ నీటిని బట్టి మారుతుంది. రోజూ కొలవాలి, కలపాలి, తేర్చాలి, అడుగున మిగిలిన మడ్డిని జాగ్రత్తగా పారబోయాలి. ఆ ఓపిక వున్నంత కాలమే అది పనిచేస్తుంది.

మన మిషనులో వున్నది వేరే విద్య. అమెరికాలోని లాస్ ఏంజెల్స్ విశ్వవిద్యాలయంలో సిడ్నీ లోబ్, భారతదేశంలో పుట్టిన సౌరిరాజన్ అనే ఇద్దరు 1960 ప్రాంతంలో ఒక పొరను తయారు చేశారు. ఒత్తిడి పెట్టి నీటిని ఆ పొర మీదికి నెడితే నీరు దాటుతుంది, ఉప్పు ఆగిపోతుంది. అంతకుముందు వాడిన పొరల్లో నీరు మరీ నెమ్మదిగా, చుక్క చుక్కగా దిగేది. వీరు పైన అతి పలుచని చర్మం, కింద స్పంజిలాంటి భాగం వుండేట్టు చేసేసరికి ధార పెరిగింది. 1964 మేలో దానికి అమెరికా పేటెంటు వచ్చింది. 1965లో కాలిఫోర్నియాలోని కోలింగా అనే చిన్న ఊళ్ళో ఆ పద్ధతిలో ఊరి నీళ్ళు శుద్ధి చేయడం మొదలుపెట్టారు. ఒకప్పుడు తాగే నీళ్ళు రైల్లో తెచ్చుకున్న ఊరది.

అప్పటి అమెరికా చట్టం ప్రకారం మంజూరైన నాటి నుంచి 17 ఏళ్ళు హక్కు. అంటే 1981తో అది తీరిపోయింది. అదే 1981లో జాన్ కాడోట్ అనే ఆయన చేసిన ఇంకా మెరుగైన పొరకు పేటెంటు వచ్చింది. ఇప్పుడు మిషన్లలో వాడేవి ఎక్కువగా ఆ జాతివే. దానిపై కంపెనీల మధ్య పెద్ద వ్యాజ్యం నడిచింది. ఆ పరిశోధన ప్రభుత్వ ఖర్చుతో జరిగింది గనుక హక్కు ప్రభుత్వానికే చెందుతుందని 1992లో అక్కడి కోర్టు తేల్చింది. గమనించదగ్గ తీర్పు. మొత్తానికి ఆ పాత హక్కులన్నీ తీరిపోబట్టే ఈనాడు మన వీధి చివర కూడా వాటరు ప్లాంటు పెట్టగలుగుతున్నారు.

హక్కు వుండి కూడా దాన్ని ఎట్లా వాడుకోవాలో చూపినవారు ఒకరున్నారు. బంగ్లాదేశ్‌లోని కుష్టియాకు చెందిన రసాయన శాస్త్రవేత్త అబుల్ హుస్సామ్. చెరువు నీళ్ళతో రోగాలు వస్తున్నాయని ఆ దేశంలో లక్షలాది చేతిపంపులు వేయించారు. తీరా 1993లో ఆ పంపు నీళ్ళలో ఆర్సెనిక్ విషం వున్నట్టు బయటపడింది. హుస్సామ్ తన సోదరులతో కలిసి, బకెట్లలో ఇనుముతో చేసిన ఒక ప్రత్యేక పదార్థం, ఇసుక, బొగ్గు, ఇటుక ముక్కలు పేర్చి "సోనో" అనే ఫిల్టరు తయారు చేశాడు. కరెంటు అవసరం లేదు. 2007లో దానికి అమెరికాలో పది లక్షల డాలర్ల బహుమతి వచ్చింది. అందులో నూటికి 70 వంతులు పేదలకు ఫిల్టర్లు పంచడానికే కేటాయిస్తానని ఆయన ప్రకటించాడు. చూడండి, పైన మన ఇళ్ళలో చెప్పుకున్న ఇసుక, బొగ్గు కుండలకు అది దగ్గరి చుట్టమే!

ఇంత చరిత్ర చెప్పాక మా తప్పు కూడా చెప్పుకోకపోతే న్యాయం కాదు. మన సొసైటీ మొదట పెట్టిన మిషను ఎంతమందికి గుర్తుందో తెలియదు. ప్రారంభోత్సవం ఘనంగా చేశాము, ఫోటోలు తీయించుకున్నాము. మెంబ్రేను ఎప్పుడు మార్చాలో ఎవరూ రాసి పెట్టుకోలేదు. ఒక సోదరి వచ్చి, "గిన్నెల అడుగున మళ్ళీ తెల్ల పొర కడుతోంది, నీళ్ళు సరిగ్గా లేవు" అని చెప్పింది. మేము వినీ విననట్టు వూరుకున్నాము. తొమ్మిది నెలల తరువాత పరీక్ష చేయిస్తే, మిషను నుంచి వచ్చే నీళ్ళకూ, బోరు నీళ్ళకూ ఫ్లోరైడులో పెద్ద తేడా లేదని తేలింది. ఆ తొమ్మిది నెలలూ మన పిల్లలు మంచినీళ్ళనుకొని ఆ నీళ్ళే తాగారు. ఆ పాపం పొర కనిపెట్టినవాడిదీ కాదు, మిషను అమ్మినవాడిదీ కాదు. మాదే.

అందుచేత ఆ పెద్దాయనకు మా జవాబు ఇది. లోబ్ హక్కుకు 17 ఏళ్ళు గడువు. మన చట్టంలో 20 ఏళ్ళు. కాని కనిపెట్టిన వస్తువును నడుపుకొనేవాడి బాధ్యతకు ఏ చట్టమూ గడువు పెట్టలేదు. చాచా, మనం మొదట కట్టిన చందా మిషనుకు. ఏటేటా కట్టేది నీళ్ళకు.

కార్యవర్గం తరఫున మూడు సూచనలు సభ్యుల ముందు వుంచుతున్నాము. మిషను పక్కనే ఒక పుస్తకం వేలాడదీసి, ఫిల్టరు, మెంబ్రేను మార్చిన తారీఖులు అందరికీ కనబడేట్టు రాయాలి. ఏడాదికి రెండుసార్లు ఒక సీసా నీళ్ళు ప్రభుత్వ ప్రయోగశాలకు పంపి, వచ్చిన ఫలితం నోటీసు బోర్డు మీద అంటించాలి. మిషను బయటికి వదిలే నీళ్ళలో ఫ్లోరైడు ఇంకా చిక్కగా వుంటుంది గనుక దాన్ని తాగడానికి, వంటకు, పశువులకు వాడకుండా నేల కడగడానికి మాత్రమే వాడాలి. 2016లో మొదలైన మిషన్ భగీరథ నీళ్ళు అందే ఇళ్ళవారు ముందు ఆ నీటిని పరీక్ష చేయించుకుంటే మంచిది. అది బాగుంటే మిషనుతో పనే లేదు.

ఈ పుస్తకం రాసే పనికి ఇద్దరు యువకులు, ఇద్దరు సోదరీమణులు ముందుకు రావాలని కోరుతున్నాము. గిన్నె అడుగున తెల్ల పొర మొదట కనిపించేది వంటింట్లోనే. ఈసారి ఎవరైనా వచ్చి చెబితే ఆ రోజే వింటామని, ఈ పుటల సాక్షిగా మాట యిస్తున్నాము.