బంగారు రేకు తాపడము: చిత్రపటముల చట్రములు, వాటి జీర్ణోద్ధరణము

కొయ్య, రాయి, గచ్చు, లోహము మొదలైన వాటిపై మిక్కిలి పలుచగా సాగగొట్టిన బంగారు రేకును అంటించి, ఆ వస్తువు ఆసాంతము పసిడితో పోతపోసినదో యన్నట్లు కనుపింపజేయు కళకు బంగారు రేకు తాపడమని పేరు. దేవాలయములు, ప్రాసాదములు, సింహాసనములు, గ్రంథముల అంచులు, వీటన్నిటియందును ఈ కళ వ్యాపించినను, దాని సూక్ష్మములన్నియు ఒక్కచోట పోగుపడి కానవచ్చునది ఐరోపా దేశముల చిత్రపటముల చట్రములయందే. చట్రమును చూచువాడు బంగారమును చూచుచున్నాననుకొనును. కాని బంగారము ఆ పనిలో కడపట వచ్చునది, పరిమాణమున అత్యల్పమైనది. దాని క్రింద నుండు సుద్ద, జిగురు, ఎర్రమన్ను అను మూటియందే పనివాని నేర్పంతయు ఇమిడియున్నది. కాలక్రమమున చట్రము చెడుటయు, చెడినది బాగుపడుటయు ఈ మూటిని బట్టియే జరుగును.

సాగుటయందు బంగారమునకు సాటివచ్చు లోహము వేరొకటి లేదు. ఒక్క గ్రాము బంగారమును నేటి పనివారు సుమారు అర చదరపు మీటరు విరివిగల రేకుగా సాగగొట్టగలరు; అప్పుడు దాని మందము మిల్లీమీటరులో పదివేలవ వంతు. అట్టి రేకును దీపమున కెదురుగా పట్టినచో ఆవలి వెలుతురు ఆకుపచ్చగా కానవచ్చును. ఈజిప్టు దేశమున కొయ్యపై సుద్దపూత పూసి, దానిపై బంగారమును అంటించు పద్ధతి ఫారోల కాలముననే స్థిరపడియుండెను; 1922లో బయల్పడిన టుటంఖమూన్ సమాధియందలి స్వర్ణమయములైన కొయ్య మందిరములు మూడువేల సంవత్సరములు దాటినను తమ కాంతిని కోల్పోలేదు. క్రీ.శ. 79లో మరణించిన రోమక పండితుడు ప్లినీ, ఒక ఔన్సు బంగారమునుండి నాలుగేసి వ్రేళ్ల వెడల్పుగల చదరపు రేకులు 750కి పైగా తీయవచ్చుననియు, చలువరాతికి కోడిగ్రుడ్డు తెల్లసొనతోను, కొయ్యకు వేరొక జిగురు మిశ్రమముతోను వాటిని అంటింతురనియు వ్రాసియున్నాడు. లెక్కించి చూచినచో ఆనాటి రేకు నేటి రేకునకు సుమారు మూడు రెట్లు మందము గలది.

రేకు కొట్టుట ప్రత్యేక వృత్తి. ఎద్దు ప్రేగునుండి తీసి శుద్ధిచేసిన పలుచని పొరల నడుమ బంగారపు తునుకల నొక్కొక్కటిగా పేర్చి, కట్టగట్టి, నునుపైన రాతిపై నుంచి, బరువైన సుత్తితో గంటల తరబడి కొట్టుదురు. సాగిన దానిని ముక్కలుగా కోసి, మరల పొరల నడుమ నుంచి మరల కొట్టుదురు. హైదరాబాదు పాతబస్తీలో మిఠాయిలకును, యునానీ ఔషధములకును వరఖులు కొట్టు పనివారు తోలు పుటల నడుమ లోహమునుంచి చేయు పనియు మూలమున ఇదియే.

చట్రములకు బంగారము పెట్టు విధానమును సాంగోపాంగముగ వ్రాసియుంచిన మహోపకారి చెన్నినో చెన్నిని అను ఇటలీ దేశపు చిత్రకారుడు. 1400 ప్రాంతమున రచితమైన అతని శిల్పగ్రంథమును నేటికిని ఈ వృత్తివారు పనిబల్లపై నుంచుకొందురనిన అతిశయోక్తి కాదు. అతడు చెప్పిన క్రమమిది. మేక తోలు, గొఱ్ఱె తోలు ముక్కలను ఉడికించి తీసిన జిగురును ముందుగ కొయ్యకు పట్టింపవలెను. పాత నారబట్ట పీలికలను ఆ జిగురునందే ముంచి పలకపై పరవవలెను. దానిపై మొదట ముతక జిప్సము పూత. అది ఆరిన పిదప సన్నపు పూత. ఈ సన్నపు పూతకు కావలసిన పిండిని సిద్ధపరచుటయే ఒక తపస్సు: కాల్చిన జిప్సమును విస్తారమైన నీటిలో వేసి, గట్టిపడనీయక, నెల దినములు ప్రతిదినమును కలియబెట్టుచుండగా దానిలోని వేడియంతయు చచ్చి, పట్టువలె మృదువగును. దీనిని జిగురుతో కలిపి, వెచ్చచేసి, చదునైన చోట్ల కనీసము ఎనిమిది పూతలు పూసి, ఆరిన తరువాత ఇనుప పనిముట్లతో గీకి దంతమువలె నునుపు చేయవలెను. అటుపై కోడిగ్రుడ్డు తెల్లసొనను నురుగు వచ్చునట్లు గిలకొట్టి, నీరు చేర్చి, ఒక రాత్రి ఊరనిచ్చి, అందు ఆర్మేనియా ఎర్రమన్నును నూరి నాలుగు పూతలు పూయవలెను. ఈ ఎర్రమన్ను జిడ్డుగ, మెత్తగ నుండి, పై రేకునకు వెచ్చని ఛాయనిచ్చుటయేగాక, మెరుగు పెట్టునప్పుడు రాతి ఒత్తిడికి లొంగి, రేకు చినుగకుండ కాపాడును.

రేకు పెట్టుటలో గల లాఘవము చూచి తీరవలసినది. పనివాడు తోలుదిండుపై రేకును పరచి, కత్తితో కావలసినంత ముక్క కోయును. ఉడుత వెండ్రుకలతో చేసిన పలుచని కుంచెను తన చెక్కిలికి ఒకమారు రాచి, ఆ కొద్దిపాటి జిడ్డు ఆధారముగ రేకును లేపును. రెండవ చేతనున్న కుంచెతో ఎర్రమన్నును నీట తడిపి, ఆ తడి ఇంకకముందే రేకును దింపును. రేకు తడిని తాకీ తాకకమునుపే తనంత తానుగ లాగుకొనబడినట్లు అతుకుకొనును. తేమ తగినంతగ ఆరిన పిదప రాతితో మెరుగు పెట్టుదురు. నేడు అకీకు రాతిని వాడుచుండగా, చెన్నిని కాలమున హేమటైటు రాతిని, అది లభింపనిచోట కుక్క, తోడేలు, పిల్లి మొదలగు మాంసాహార జంతువుల దంతములను వాడిరి. మెరుగు పరాకాష్ఠకు వచ్చినప్పుడు బంగారము తన కాంతి యతిశయముచేతనే ఇంచుక నల్లనైనట్లు తోచునని అతడు చెప్పిన మాట, మెరుగు పెట్టిన చట్రమును ప్రక్కనుండి చూచినవారికి ప్రత్యక్షానుభవము. శీతకాలపు తేమగాలి ఈ పనికి అనుకూలమనియు, వేసవిలో ఒక గంట రేకు పెట్టి మరొక గంట మెరుగు పెట్టవలెననియు అతడు హెచ్చరించెను. రేకు కొట్టువారు ఒక డ్యూకాట్ నాణెమునుండి 145 రేకులు తీయుచుండిరట. చదునైన చోట్లకు నూరింటికి మించి తీయించరాదని అతని నియమము. రేకు పలుచనైనకొలది మన్ను బయటపడునను ఎరుకతో చెప్పిన ఈ మాటలో ఆ శిల్పి నిజాయితీ వ్యక్తమగుచున్నది.

నీటితో అంటించు ఈ విధానమున కొకటి తోడుగ నున్నది. కాచి చిక్కబరచిన అవిసెనూనెను పూసి, అది ఆరీ ఆరని స్థితిలో రేకును అంటించుట ఆ రెండవ విధానము. నూనె పద్ధతి త్వరగ సాగును, ఖర్చు తక్కువ, ఆరుబయటి ఎండవానలకు నిలుచును. కాని దానికి రాతిమెరుగు పట్టదు. నీటి పద్ధతికి మెరుగు పట్టును; కాని అది నీటికే కరగును. జిగురుతో నిలిచిన పొరలు గనుక, తడిగుడ్డ తగిలినంతనే మన్ను మెత్తబడి, బంగారము గుడ్డకు వచ్చును. ఈ భేదమును గుర్తింపనందువలన ప్రపంచమున నష్టమైన చట్రములకు అంతులేదు.

మొదట చట్రము చిత్రమునుండి వేరు కాదు. మధ్యయుగపు ఇటలీ ప్రార్థనాలయములకు చేసిన పలకలయందు, చట్రమును పలకకు ముందుగనే బిగించి, రెంటికిని ఒకేసారి సుద్ద పూసి, ఒకేసారి బంగారము పెట్టి, ఆ పిదపనే చిత్రమును లిఖించుచుండిరి. పాల్లా స్ట్రోత్సీ అను ధనికుని కొరకు జెంటిలే ద ఫాబ్రియానో 1423లో పూర్తిచేసిన "తూర్పుదేశపు జ్ఞానుల ఆరాధన" అను చిత్రము తన తొలి చట్రముతోనే ఫ్లారెన్సు నగరపు ఉఫ్ఫిజి చిత్రశాలయందు నేటికిని గలదు. అందు చిత్రములోని బంగారమెక్కడ ముగిసెనో, చట్రపు బంగారమెక్కడ మొదలయ్యెనో చెప్పుట కష్టము. పండ్రెండేండ్లకే ఈ భావన తలక్రిందులయ్యెను. 1435లో లియోన్ బత్తిస్త అల్బెర్తి తన చిత్రకళాగ్రంథమున, చిత్రకారుడు బంగారు కాంతిని బంగారముతో గాక వర్ణములతో చూపుటయే గొప్ప యనియు, చిత్రము చుట్టును చెక్కిన స్తంభములు, పీఠములు మున్నగునవి మాత్రము మేలిమి బంగారముతో నున్నను తప్పులేదనియు సిద్ధాంతీకరించెను. చిత్రమునుండి వెడలగొట్టబడిన బంగారము చట్రమున చేరినది. చట్రశిల్పము స్వతంత్ర కళ యగుటకు ఈ మార్పే మూలమని తలంపవచ్చును. మైకెలాంజెలో లిఖించిన దోనీ కుటుంబపు వర్తుల చిత్రమునకు గల చట్రము, అందునుండి ముందునకు పొడుచుకొనివచ్చిన ఐదు శిరస్సులతో, ఆ స్వాతంత్ర్యమునకు తొలి ఫలములలో నొకటి.

పదునేడు, పదునెనిమిది శతాబ్దులలో ఫ్రాన్సు దేశపు రాజాస్థానము ఈ కళను పరమోన్నతికి తెచ్చెను. కొయ్యపై చెక్కిన లతలు సుద్దపూతల క్రింద మూసికొనిపోవును గనుక, ఆరిన సుద్దనే చిన్న ఇనుప కొక్కెములతో తిరిగి చెక్కి, ఆకుల ఈనెలను, గళ్ల నేలను మరల తేర్చు ప్రత్యేక శిల్పులు పారిస్ నగరమున నుండిరి. బంగారపు క్రింద కనబడు ఆ సన్నని పని కొయ్యది కాదు, సుద్దది. పదునెనిమిదవ శతాబ్ది చివర ఇంగ్లాండున సుద్ద, జిగురు, గుగ్గిలము, అవిసెనూనె కలిపి ఉడికించిన ముద్దను అచ్చులలో నొత్తి అలంకారములను తీయు పద్ధతి వ్యాపించుటతో, చెక్కడపు పనివానికి గిరాకి సన్నగిల్లెను. ఈ ముద్ద ఎండినకొలది కుంచించుకొని అడ్డముగ పగుళ్లు వారును. పాత చట్రమున వరుసగ అడ్డగీతలవంటి పగుళ్లు కనబడినచో అది చెక్కినది కాదు, అచ్చున తీసినదని గ్రహింపవచ్చును. 1870ల ప్రాంతమున డెగా, పిస్సారో మొదలగు చిత్రకారులు బంగారమును నిరాకరించి తెల్లని చట్రములను ఎంచుకొనిరి. తరువాత వారి చిత్రములను కొన్న ధనికులు ఆ చట్రములలో పెక్కింటిని తొలగించి, ఫ్రెంచి రాజుల నాటి బంగారు చట్రములను బిగించిరి. చిత్రకారుని యభిమతమున కది చేసిన అన్యాయము నేటికిని అనేక చిత్రశాలలలో గోడలపై కనబడుచునే యున్నది.

లోహమునకు బంగారము పెట్టు విధానము వేరు. బంగారమును పాదరసమున కలిపి పూసి, నిప్పుసెగకు పాదరసమును ఆవిరిచేయుట పూర్వపద్ధతి. ఆ ఆవిరి పనివారి నరములను దెబ్బతీసి ప్రాణములు తీసినది. 1840లో ఇంగ్లాండున ఎల్కింగ్టన్ కుటుంబమువారు విద్యుత్తుతో పూతపెట్టు విధానమునకు హక్కు పొందుటతో ఈ విషవృత్తి క్రమముగ వెనుకబడెను.

చట్రములకు కలుగు చేటు రెండు విధములు. ఒకటి ప్రకృతిసిద్ధము: గాలిలోని తేమ హెచ్చుతగ్గులకు కొయ్య ఉబ్బి క్రుంగుచుండును, దానితోపాటు సాగలేని సుద్ద లేచి పెచ్చులూడును, పురుగు కొయ్యను తొలిచివేయును. రెండవది మానవకృతము, దీనివలననే నష్టము హెచ్చు. కొంచెము కళ తప్పిన చట్రమునకు ఇత్తడి పొడి కలిపిన గిల్టు రంగు పూయుదురు. అది కొలది సంవత్సరములలోనే ముదురు గోధుమ, ఆకుపచ్చ వన్నెలకు తిరిగి, క్రింద బ్రతికియున్న మేలిమి బంగారమును కప్పివేయును. లేదా ఉన్నదంతయు గీకి సరిక్రొత్తగ రేకు పెట్టింతురు. మూడువందల యేండ్ల వెనుకటి శిల్పి చెక్కిన సుద్దపని ఆ గీకుటలోనే అంతరించును.

పాతదానిని క్రొత్తదిగ చేయుట గాక, పాతదానిని పాతదిగనే నిలుపుట జీర్ణోద్ధరణమను దృష్టి ఇరువదవ శతాబ్దిలో బలపడెను. 1939లో రోమునగరమున స్థాపితమైన కేంద్ర జీర్ణోద్ధరణ సంస్థకు తొలి అధ్యక్షుడైన చేజరె బ్రాందీ, పూరించిన భాగము దూరమునుండి చూచినప్పుడు మూలముతో కలిసిపోవలెననియు, దగ్గరకు వచ్చి చూచినప్పుడు వేరుగ తెలియవలెననియు నియమము చేసెను. 1966 నవంబరు 4వ తేదీన ఆర్నో నది ఫ్లారెన్సును ముంచెత్తినప్పుడు ఈ సిద్ధాంతమునకు అగ్నిపరీక్ష వచ్చెను. శాంతా క్రోచే ఆలయమున చిమాబువే అను చిత్రకారుడు లిఖించిన మహాశిలువ తన వర్ణములో సగమునకు పైగ కోల్పోయెను. నీట నానిన వందలాది పలకలు ఒక్కసారి ఎండినచో పూతలన్నియు రాలిపోవును గనుక, వాటిని బోబొలీ ఉద్యానమునందలి నిమ్మచెట్ల శాలకు చేర్చి, తేమను మెల్లమెల్లగ తగ్గించుచు ఆరబెట్టిరి. 1588లో ఫ్లారెన్సు మెదిచీ ప్రభువు రాతిపని కొరకు స్థాపించిన కర్మశాలయే ఈ ఉపద్రవము తరువాత జీర్ణోద్ధరణమునకు ప్రపంచప్రసిద్ధ కేంద్రమయ్యెను. బంగారము పోయిన చోట మరల రేకు పెట్టక, పసుపు, ఎరుపు, ఆకుపచ్చ వన్నెల సన్నని గీతలను ప్రక్కప్రక్కన గీసి, కంటికి బంగారపు భ్రాంతి కలుగజేయు ఉపాయము అక్కడివారిదే. 1452లో గిబెర్తి అను శిల్పి ముగించిన ఫ్లారెన్సు స్వర్గద్వారపు పది కంచు పలకలను, వాటిపై పాదరసముతో పెట్టిన బంగారమును, రసాయనములతోను లేసరు కిరణములతోను శుభ్రపరచి 2012లో ప్రజలకు చూపిరి.

సామాన్యమైన చట్రమునకును క్రమము ఇదియే. ముందుగ రవ్వంత పూతను తీసి, అడ్డముగ కోసి, సూక్ష్మదర్శినిలో పొరలను లెక్కింతురు. లేచిన సుద్ద క్రిందికి మీనపు జిగురును సన్నని కుంచెతో పంపి, పలుచని కాగితమడ్డుపెట్టి మెల్లగ నొత్తి కూర్చుండబెట్టుదురు. మురికిని తీయుటకు మానవుని లాలాజలమును దూదిచుట్టిన పుల్లతో వాడుట నేటికిని గౌరవనీయమైన పద్ధతి. విరిగిన లతకు మిగిలియున్న దాని జోడునుండి అచ్చు తీసి ముక్క చేర్తురు. క్రొత్త రేకు తళుకును చుట్టునున్న పాతదానితో పొందునట్లు అరగదీసి, వన్నె తగ్గింతురు.

మనదేశమునందును ఈ కళకు ప్రాచీనత గలదు. 1518లో శ్రీకృష్ణదేవరాయలు తిరుమల ఆనందనిలయ విమానమునకు బంగారు పూత పెట్టించెను. విజయనగర పతనానంతరము దక్షిణమునకు తరలిపోయిన తెలుగు చిత్రకారుల సంతతివారు, తంజావూరున "రాజులు" అను కులమువారు, నాయక, మరాఠా ప్రభువుల యాశ్రయమున పెంపొందించిన తంజావూరు పటములయందు పనస లేక టేకు పలక, దానిపై బట్ట, దానిపై సుద్ద జిగురుల పూత, ఉబ్బెత్తుగ తీర్చిన ఆభరణములు, వాటిపై బంగారు రేకు కానవచ్చును. ఫ్లారెన్సు పలకకును తంజావూరు పలకకును నిర్మాణమున గల ఈ సామ్యము ఆశ్చర్యకరము. వ్యాధులును ఒక్కటే, చికిత్సయు ఒక్కటే. హైదరాబాదు సాలార్‌జంగ్ ప్రదర్శనశాలలో ఐరోపా చిత్రములను చూడబోవువారు చిత్రముతోపాటు చట్రమును గూడ నిలిచి పరిశీలింపవలెను.

పూర్వుల నాటి తంజావూరు పటము గాని, బంగారు చట్రము గాని ఇంట గలవారు దానిని తడిగుడ్డతో తుడువరాదు, గిల్టు రంగు పూయించరాదు, వానకాలమున చెమ్మపట్టు గోడకు తగిలింపరాదు. మెత్తని పొడి కుంచెతో దుమ్ము దులుపుట చాలును. పెచ్చు ఊడినచో ఆ పెచ్చును పారవేయక కాగితమున చుట్టి భద్రపరచి, పటముతోపాటు నిపుణునికి చూపవలెను. మూలపు ముక్క దొరికినచోట క్రొత్త ముక్క చేయనక్కరలేదు.