కవ్వము లేక నీటిని చిలుకుట



పానకము చేయువారు కడవనీటిలో బెల్లము వేసి ఊరకుండరు, గరిటతో కలియబెట్టుదురు. గరిట త్రిప్పగా సుడులు పుట్టి బెల్లమును నలుగడలకు గొనిపోవును. ఇది అందఱెఱిగినదే. కాని తలవెండ్రుక వంటి సన్నని కాలువలో రెండు ద్రవములను కలుపవలసి వచ్చినచో గరిట నెట్లు పెట్టగలము? ఇది వినోదమునకై వేసిన ప్రశ్న కాదు. గాజుపలకపై చెక్కిన అట్టి కాలువలలో ఒక్క నెత్తుటి బొట్టును పరీక్షాద్రవముతో కలిపి రోగము నెఱుగు పద్ధతి నేడు కలదు. రెండును సరిగా కలియకున్నచో పరీక్ష తప్పును; పరీక్ష తప్పినచో చికిత్సయు తప్పును.

ఇందలి చిక్కు 1883లో ఇంగ్లండునందలి మాంచెస్టరున ఆస్బరన్ రేనాల్డ్స్ అను ఆచార్యుని ప్రయోగమువలన స్పష్టమయ్యెను. ఆయన గాజుగొట్టములో పాఱు నీటినడుమ రంగునీటిని సన్నని ధారగా వదలెను. నీరు మెల్లగా పాఱునంతవఱకు ఆ రంగు నూలుపోగువలె తిన్నగా సాగెను. వేగము ఒక హద్దు దాటగానే పోగు చెదరి, రంగు నీరంతటను వ్యాపించెను. విద్యుత్తు మెఱపు వెలుగులో చూడగా అది చిన్న చిన్న సుడుల గుంపుగా కనబడెను. గొట్టము ఎంత సన్ననైనదో, సుడులు పుట్టుటకు అంత హెచ్చు వేగము వలయును. కావున సన్నకాలువలో సుడులు పుట్టవు. పొరుగిండ్లలోనుండియు పలుకరించుకొనని దాయాదులవలె రెండు ద్రవములును ప్రక్కప్రక్కనే పోవును. అణువులు తమంతట తాము ఇటునటు ప్రాకినగాని కలయిక లేదు. మిల్లీమీటరులో పదవవంతు దూరము వ్యాపించుటకు చిన్న రంగు అణువులకు ఇంచుమించు 10 సెకనులు పట్టును. దూరము రెట్టింపైనచో కాలము నాలుగు రెట్లగును. 10 సెకనులు మనకు స్వల్పమే. అంతలో ద్రవము కాలువ చివర చేరిపోవచ్చును.

దీనికి విరుగుడు కాగల శక్తి అంతకు చాల పూర్వమే రష్యాలో కనబడియుండెను. 1807లో మాస్కో విశ్వవిద్యాలయపు ఆచార్యుడు ఫెర్డినాండ్ రాయిస్ తడి బంకమన్నులో రెండు గాజుగొట్టములు గ్రుచ్చి, అడుగున కడిగిన ఇసుక వేసి, నీరు సమముగా పోసి, వోల్టా 1800లో ప్రకటించిన విద్యుద్ఘటమాలను వానికి తగిల్చెను. ధనధ్రువమున్న గొట్టములో మట్టిరేణువులు పైకెగసి నీరు మసకబాఱెను, మట్టము తగ్గెను. ఋణధ్రువమున్న గొట్టములో నీరు పైకి లేచెను. పల్లము లేదు, త్రోయు చేయి లేదు. అయినను నీరు నడచెను! గాజును ఘటమాలను విడిచినచో తక్కిన సామగ్రి యంతయు ఏటియొడ్డున దొరకునదే. ఇంతకంటె చక్కని ప్రయోగమును నేనెఱుగను.

కారణమును 1879లో జర్మను పండితుడు హెల్మ్‌హోల్ట్జ్ వివరించెను. మన్ను గాని గాజు గాని నీటిని తాకినప్పుడు దాని తలము ఋణవిద్యుత్తును, దాని నానుకొనిన నీటిపొర ధనవిద్యుత్తును వహించును. విద్యుద్బలము ఆ పొరను ఈడ్వగా, అది తక్కిన నీటిని వెంటగొనిపోవును.

అయినను ఈడ్చుట వేఱు, కలుపుట వేఱు. నీరంతయు ఒక్కతీరున కదలినచో కలయిక యేది? 2001లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమునకు చెందిన సాంటియాగో మొదలగువారు మాటిమాటికి దిశ మార్చు విద్యుత్తును సన్నకాలువలో ప్రయోగించి, ప్రవాహము నిలకడ చెడునట్లు చేసి, ద్రవములను కలిపి చూపిరి. ప్రక్కప్రక్కనున్న ద్రవములలో ఉప్పుపాళ్లు వేఱైనచో వాని పొలిమేరయందు విద్యుద్భారము చేరును. బలము ఒక హద్దు దాటగానే ఆ పొలిమేర వంకరలు పోయి, మడతలు పడి, కవ్వముతో త్రిప్పినట్లు చిలుకబడును. రేనాల్డ్స్ చూచిన హద్దు వేగమునకు సంబంధించినది. ఇచ్చటి హద్దు విద్యుద్బలమునకు. అది మితిమీఱినచో ఉప్పునీరు వేడెక్కి బుడగలు పుట్టును. నెత్తురు ఉప్పనిదే కనుక దానియెడ ఈ జాగ్రత్త హెచ్చుగా వలయును.