ముందు ఇరుసు విప్పితే చరిత్ర

పికప్ ట్రక్కుకి వెనక చక్రాలు తిప్పడం పెద్ద విద్యేం కాదు. ముందు చక్రాలు తిప్పడమే తిప్పలు. అవి బండిని లాగాలి, మళ్ళీ మలుపూ తిరగాలి. ఫోర్ వీల్ డ్రైవ్ చరిత్రంతా ఈ ఒక్క పేచీ చుట్టూనే నడిచిందని నా అభిప్రాయం.

మలుపులో బయటి చక్రం లోపలి దానికన్నా ఎక్కువ దూరం పోవాలి కదా. రెంటినీ ఒకే కడ్డీకి బిగిస్తే టైర్లు ఈడ్చుకుపోతాయి. ఆ తేడాని సర్దేదే డిఫరెన్షియల్. పెట్రోలు కారు పుట్టకముందే, 1820ల చివర్లో, ఫ్రాన్సులో ఒనేసిఫోర్ పెకర్ అనే గడియారాల పనివాడు ఆవిరి బండి కోసం దీనికి పేటెంట్ తీసుకున్నాడు. అంటే బుర్ర పెట్టాల్సిన భాగం ఎప్పుడో అయిపోయింది. ఆగిపోయింది ఎక్కడయ్యా అంటే, పక్కకి తిరిగే చక్రానికి బలం అందించే కీలు దగ్గర.

1903లో డచ్చి వాళ్ళ స్పైకర్ కారు నాలుగు చక్రాలతోనూ లాగింది. 1908లో అమెరికాలోని విస్కాన్సిన్‌లో ఆటో జాకో అనే కమ్మరి, తన బావమరిది విలియం బెసెర్డిచ్‌తో కలిసి గోళంలాంటి గూటిలో యూనివర్సల్ జాయింట్ పెట్టి ఆ చిక్కు విప్పాడు. రెండో ప్రపంచ యుద్ధంలో జీపులు లక్షల్లో తయారవడంతో ఈ విద్య గరాజుల దాకా పాకింది. యుద్ధం అయ్యాక, 1946లో, డాడ్జ్ పవర్ వ్యాగన్ పేరుతో మిలటరీ బండినే పికప్‌గా మార్చి జనానికి అమ్మింది. మామూలు రోడ్డు మీద కూడా ముందు ఇరుసు ఊరికే తిరిగి అరుగుతోందని గ్రహించి, 1948లో ఆర్థర్ వార్న్ దాన్ని చక్రాల నుంచి విడదీసే హబ్బులు చెయ్యడం మొదలెట్టాడు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, మా 80ల నాటి పికప్ ముందు డిఫరెన్షియల్ విప్పినప్పుడు ఈ పేర్లన్నీ నాకు ఇనుములో కనిపించాయి. పినియన్ బేరింగు ఊళ పెడుతోంటే, "మొత్తం ఇరుసే మార్చెయ్, ఇవాళ ఎవడు కూర్చుని సెట్ చేస్తాడు?" అన్నాడో మెకానిక్కు. అదే నాకు నచ్చలేదు.

సెట్ చెయ్యడమే అసలు పని మరి. మన జీపు మెకానిక్కులు క్రౌన్ పినియన్ అంటారే, ఆ రెండూ జతగానే అరగదీసి చేస్తారు. అందుకే ఒకదాన్ని మాత్రం మార్చకూడదు. పాత షిమ్ములు ఏది ఎక్కడిదో రాసిపెట్టుకోవాలి. కొత్త బేరింగులు ఎక్కించాక పినియన్ ఎంత బిగువుగా తిరుగుతోందో కొలవాలి. క్రౌన్‌కీ పినియన్‌కీ మధ్య ఆట, అంగుళంలో వెయ్యోవంతుల లెక్కలో, చాలా బళ్ళకి ఐదు నుంచి పది దాకా ఉండాలి. తర్వాత పళ్ళకి పసుపు రంగు పూసి తిప్పితే అచ్చు పడుతుంది. అది పంటి మధ్యలో పడిందా సరే. అంచుకి జరిగిందా, మళ్ళీ విప్పి షిమ్ము మార్చు. నాలుగుసార్లు విప్పాను. అయిదోసారికి కుదిరింది.

మా సాఫ్ట్‌వేర్‌లోనూ ఇంతే. పాత కోడ్ కనిపించగానే "తీసి పారేసి కొత్తగా రాద్దాం" అనేవాళ్ళే ఎక్కువ. మొత్తం మార్చెయ్యడం తప్పని అనను, కొన్నిసార్లు అదే చవక. కానీ రంగు అచ్చు చదవడం వచ్చినవాళ్ళు లేకపోతే మార్చడం ఒక్కటే దారి అవుతుంది. అప్పుడు ధర చెప్పేది మనం కాదు, అమ్మేవాడు. కమ్మరి కొలిమిలో మొదలైన విద్య కదా ఇది, కొట్టు కౌంటరు దగ్గర ఆగిపోకూడదని నా గోల.